కారు నాడి మీరే పట్టండి!

కారు ‘మిస్సింగ్’ కొడితే గుండెల్లో రాయి పడుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే ‘ఇంజిన్ దించాలి’ అంటారేమోనని భయం. అది నిజమో కాదో తేల్చుకునే పరీక్షలు చాలావరకు ఇంటి ముందే చేసుకోవచ్చు. ఓ ఆదివారం పొద్దుట గంట సేపు కేటాయిస్తే చాలు.

శ్రీశైలంలో మల్లన్న దర్శనం బాగా అయింది. పాతాళగంగ చూశాం. పిల్లలు డ్యామ్ దగ్గర ఫొటోలు దిగారు. భోజనాలయ్యాక నల్గొండకు తిరుగు ప్రయాణం. కృష్ణ మీది వంతెన దాటి ఈగలపెంట వైపు మలుపులు ఎక్కుతున్నామో లేదో... కారు గుంజడం మానేసింది! యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవడానికి బదులు ఒకటే కుదుపులు. మీటర్ బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. వెనక సీట్లో అమ్మ అప్పుడే దర్శనం చేసుకొచ్చిన దేవుడికి మళ్లీ మొక్కుకోవడం మొదలుపెట్టింది.

అసలే నల్లమల అడవి. ఫోన్‌కు సిగ్నల్ అందదు. రాత్రి తొమ్మిది దాటితే అటవీశాఖ వాళ్లు రోడ్డుకు అడ్డంగా గేట్లు వేసేస్తారు. దోమలపెంటలో గంట సేపు ఆగి, చల్లారాక మెల్లమెల్లగా నడుపుకొంటూ అడవి దాటాం. (అలా నడపడం తప్పని తర్వాత తెలిసింది. ఎందుకో ముందు చెబుతాను.) దారిలో ఒక షెడ్డు కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తాడు. రెండు నిమిషాలు చెవొగ్గి విన్నాడు. ‘‘కంప్రెషన్ పోయింది సార్. ఇంజిన్ దించాలె. ముప్పై అయిదు వేలయితయ్’’ అనేశాడు.

మర్నాడు మా వీధి చివరనుండే ముసలి ఉస్తాద్‌కు చూపించాం. ఆయన పానా ఒకటి తీసుకుని రెండో సిలిండర్ మీదున్న ఇగ్నిషన్ కాయిల్ విప్పాడు. దాన్ని మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి పెట్టాడు. బండి స్టార్ట్ చేసి స్కానర్ చూశాడు. అంతకుముందు రెండో సిలిండర్‌లో ఉన్న జబ్బు మూడోదాంట్లో చూపిస్తోంది. ‘‘చూసినవా బిడ్డా! కాయిల్ ఎటు పోతే జబ్బు అటు పోయింది. ఇంజిన్‌కేం గాలే’’ అని నవ్వాడు. కొత్త కాయిల్‌కు అయింది రెండు వేల చిల్లర.

ముప్పై అయిదు వేలెక్కడ... రెండు వేలెక్కడ! మొదటి మెకానిక్ మోసగాడని అనను. ఆయన చెవిని నమ్ముకున్నాడు. ఉస్తాద్ పరీక్షను నమ్ముకున్నాడు. తేడా అంతే. ఆ పరీక్షలు మనకూ తెలిసుంటే? ‘ఇంజిన్ ఎంత పాడైంది, ఎంతవుతుంది?’ అని బెంబేలు పడేముందు ‘ఏ సిలిండర్? ఎందుకు?’ అని అడగగలుగుతాం.

పొయ్యి వెలగాలంటే...

కట్టెల పొయ్యి వెలగాలంటే ఏం కావాలి? కట్టెలుండాలి, గాలి ఆడాలి, అగ్గిపుల్ల గీయాలి. పెట్రోలు ఇంజిన్‌కూ దాదాపు ఇంతే. గాలి, పెట్రోలు సరైన పాళ్లలో కలిసి సిలిండర్‌లోకి రావాలి. పిస్టన్ పైకొచ్చి ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కాలి... దీన్నే కంప్రెషన్ అంటారు. సరిగ్గా అదే క్షణంలో ప్లగ్గు నిప్పురవ్వ రాల్చాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ సిలిండర్ పడుకున్నట్టే. దాన్నే మనవాళ్లు ‘మిస్సింగ్’ అంటారు.

ఆ రవ్వ పుట్టడమూ చిన్న సంగతి కాదు. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. దాన్ని ఇగ్నిషన్ కాయిల్ 20 వేల వోల్టులకు పైగా పెంచి ప్లగ్గుకు పంపుతుంది. ప్లగ్గు కొసన ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉండే సందులో రవ్వ దూకుతుంది. ఇంజిన్ నిమిషానికి 3 వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు ఈ తంతు జరగాలి!

మరి చదునైన రోడ్డు మీద బాగున్న బండి ఘాట్‌లోనే ఎందుకు మొరాయిస్తుంది? ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం. సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు ఎక్కువగా వస్తాయి. లోపల ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో రవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనపడ్డ కాయిల్, అరిగిన ప్లగ్గు అక్కడే చేతులెత్తేస్తాయి. నాగలికి కట్టిన ఎద్దు కుంటిదని గట్టి నేల తగిలినప్పుడు కదా తెలిసేది!

ఒక్కమాట. డీజిల్ బండ్లలో నిప్పురవ్వ ఉండదు, ఒత్తిడి వేడికే ఇంధనం మండుతుంది. కాబట్టి ఈ కథంతా పెట్రోలు కార్లది.

అంబాసిడర్ నుంచి స్కానర్ దాకా

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1902లో హై వోల్టేజీ మాగ్నెటోను, స్పార్క్ ప్లగ్గును జోడించి తెచ్చింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్, ఆపై 1912లో సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్ కార్లలోకి వచ్చాయి. ఆ తర్వాత దశాబ్దాల తరబడి పద్ధతి పెద్దగా మారలేదు. మన అంబాసిడర్లలోనూ డిస్ట్రిబ్యూటర్, పాయింట్లు, కండెన్సర్... అన్నీ కంటికి కనిపించేవే. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద బండి ఆగితే డ్రైవరే దిగి గరుకు కాగితంతో పాయింట్లు రుద్ది, మళ్లీ స్టార్ట్ చేసేవాడు. ఏ సిలిండర్ పనిచేయట్లేదో తెలియాలంటే ఇంజిన్ నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కోటీ పీకి చూసేవాళ్లు. ఏ వైరు పీకినా ఇంజిన్ చప్పుడు మారకపోతే ఆ సిలిండర్ అప్పటికే పడుకుందని లెక్క.

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో మూడు సిలిండర్ల ఇంజిన్ మధ్యతరగతి ఇంటికి చేరింది. అంబాసిడర్, మారుతి 800... రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పటి కార్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు. చాలావాటిలో ఒక్కో సిలిండర్ మీద ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. అన్నిటినీ నడిపేది కంప్యూటర్. అయితే అదే మనకు వరమైంది. మన దేశంలో 2010 నుంచి దశలవారీగా తప్పనిసరైన ఓబీడీ ఏర్పాటు వల్ల, ఏ సిలిండర్ ఎప్పుడు మిస్సయిందో కారే రాసిపెట్టుకుంటుంది. చదవడమే మన పని.

ఆరు మెట్లు

1. ముందు కనిపెట్టండి: మిస్సింగ్ ఎప్పుడొస్తోంది? పొద్దున చల్లని ఇంజిన్‌లో వచ్చి తర్వాత సర్దుకుంటోందా? వేడెక్కాకే మొదలవుతోందా? వేడికి మొరాయించేవాటిలో కాయిల్ ముందుంటుంది. వాన పడ్డ రోజే వస్తుంటే ప్లగ్గు వైర్లలో, కాయిల్ రబ్బరులో పగుళ్లు ఉండొచ్చు. ఎత్తులోనే వస్తుంటే కాయిల్ లేదా ప్లగ్గు. ఆగి ఉన్నప్పుడు వణికి, వేగంలో సర్దుకుంటే ఎక్కడో రబ్బరు గొట్టం చీలి గాలి పీలుస్తుండొచ్చు. సైలెన్సర్ చివర ఓ కాగితం ముక్క పట్టుకుని చూడండి. ఇంజిన్ బాగుంటే ఒకే తీరుగా రెపరెపలాడుతుంది. మధ్యమధ్యలో తడబడితే ఏదో సిలిండర్ లయ తప్పిందన్నమాట. ఇవన్నీ ఓ కాగితం మీద రాసుకోండి. మెకానిక్‌కు సగం పని తప్పుతుంది.

2. నూనె, నీళ్లు: ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆయిల్ పుల్ల తీసి మట్టం చూడండి. ఆయిల్ మూత విప్పి అడుగు భాగం చూడండి. చిలికిన మజ్జిగలా తెల్లటి మడ్డి దట్టంగా ఉంటే నూనెలో నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించాలి. చలికాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కార్లలో కొద్దిగా తేమ చేరడం మామూలే. మడ్డితో పాటు కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ మీదకు అనుమానం పోతుంది.

3. కోడ్ చదవండి: సెల్‌ఫోన్‌తో పనిచేసే చిన్న ఓబీడీ స్కానర్లు వెయ్యి రూపాయల అటూఇటూకే దొరుకుతున్నాయి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి యాప్ తెరిస్తే చాలు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, పీ0302 అంటే రెండోది... ఇలా చివరి అంకె సిలిండర్ నంబరు చెబుతుంది. లెక్క సాధారణంగా బెల్టో, చైనో ఉన్న వైపు నుంచి మొదలవుతుంది. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని లేకుండా ఎక్కడెక్కడో మిస్సవుతోందని. అప్పుడు అన్నిటికీ ఉమ్మడిగా ఉండే పెట్రోలు పంపు, గాలి గొట్టాలు, పెట్రోలు నాణ్యత చూడాలి. గుర్తుంచుకోండి... కోడ్ చెప్పేది చిరునామా మాత్రమే. జబ్బు పేరు మనం కనుక్కోవాలి.

4. అటుదిటు, ఇటుదటు: మా ఉస్తాద్ చేసింది ఇదే. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, చల్లారాక కాయిల్ కనెక్టర్ ఊడదీయండి. పట్టి ఉంచే బోల్టు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. జబ్బు పడ్డ సిలిండర్ కాయిల్‌ను పక్కదానితో మార్చండి. పాత కోడ్ చెరిపేసి ఓ చుట్టు తిరిగి రండి. కోడ్ పక్క సిలిండర్‌కు మారితే దొంగ కాయిలే. మారకపోతే ప్లగ్గులనూ అలాగే మార్చి చూడండి. అప్పటికీ మారకపోతే వైరింగ్, ఇంజెక్టర్, కంప్రెషన్... వీటిలో ఏదో ఒకటి. వైరింగ్ అంటే గుర్తొచ్చింది... పాలమూరు పల్లెల్లో పల్లికాయ బస్తాల పక్కనే కారు నిలిపే ఇళ్లెన్నో. ఎలుకలు బానెట్ కింద వెచ్చగా కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. ఆ కోణంలో ముందే ఓ చూపు వేయండి. కాయిల్ బదులు ప్లగ్గు వైర్లున్న పాత కారైతే, చీకట్లో ఇంజిన్ నడిపి బానెట్ ఎత్తి దూరం నుంచే చూడండి. వైరు పగిలి కరెంటు లీకవుతుంటే నీలి మెరుపులు కనిపిస్తాయి.

5. ప్లగ్గు ముఖం చూడండి: ప్లగ్గు తీసేది ఎప్పుడైనా చల్లని ఇంజిన్‌లోనే. చుట్టూ ఉన్న దుమ్ము ముందే ఊదేయాలి, లేకపోతే సిలిండర్‌లో పడుతుంది. కొస లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఆరోగ్యం భేష్. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది లేదా రవ్వ బలహీనం. జిడ్డుగా నల్లగా ఉంటే సిలిండర్‌లోకి నూనె వస్తోంది. సున్నంలా తెల్లబడి పొక్కులు లేస్తే విపరీతమైన వేడి. పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మండట్లేదు. తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేతి వేళ్లతోనే తిప్పాలి. పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం హెడ్‌లో మర పోతుంది. అప్పుడు వందల్లో తేలే పని వేలకు పాకుతుంది.

6. కంప్రెషన్ చూడండి: ఇంజిన్ దించాలా వద్దా తేల్చే పరీక్ష ఇది. గేజ్ కొనక్కర్లేదు, షెడ్డులో మీ ముందే చేయమనండి. ఇంజిన్‌ను వేడి చేసి ఆపి, ప్లగ్గులన్నీ జాగ్రత్తగా తీసి, పెట్రోలు సరఫరా, ఇగ్నిషన్ ఆపేసి, గేజ్‌ను ప్లగ్గు రంధ్రంలో బిగిస్తారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదారు చుట్లు సెల్ఫ్ కొడితే గేజ్ మీద అంకె వస్తుంది. ఎంత రావాలో మీ కారు సర్వీస్ పుస్తకం చెబుతుంది. అంతకన్నా ముఖ్యం, సిలిండర్ల మధ్య తేడా. చాలా చిన్న కార్లకు 14 పీఎస్‌ఐ తేడా వరకు పర్వాలేదు. ఉదాహరణకు 170, 168, 90 వచ్చాయనుకుందాం. మూడోదాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. అలాగే ఉంటే వాల్వులు సరిగా మూసుకోవట్లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. వాల్వు సమస్యలోనూ కొన్ని ఇంజిన్లలో టాపెట్ సరిచేస్తే సరిపోతుంది.

మన నీళ్లు... మన ఎండ

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. బోరు నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో కళ్లారా చూసిన జిల్లా ఇది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు కూడా స్థిరపడింది. అలాంటి చోట మనం తాగడానికి క్యాన్ నీళ్లు కొనుక్కుని, కారు రేడియేటర్‌లో మాత్రం బోరు నీళ్లు పోస్తుంటాం!

కారుకు చేటు చేసేది ఫ్లోరైడ్ కాదు. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. స్నానానికి నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే పొర రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ కడుతుంది. వేడి బయటికి పోదు. పైగా మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ. ఇంజిన్ ఒకటి రెండుసార్లు ఉడికిందంటే అల్యూమినియం హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. మిస్సింగ్ కథ అప్పుడు నిజంగానే ముప్పై వేల దాకా పోతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో చెప్పిన పాళ్లలో కలిపి పోయడమే దీనికి మందు. కలిపే అమ్మే కూలెంట్లూ దొరుకుతాయి.

మన మట్టి రోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ కూడా త్వరగా మూసుకుపోతుంది. పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే చూసుకోవడం మంచిది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ట్యాంకులోకి నీళ్లు చేరితే ఆ రెండూ కలిసి అడుగున విడిపోయి ఇంజిన్ మొరాయిస్తుంది. నెలల తరబడి కారు కదపకుండా ఉంచేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పొగ చెప్పే సంగతులు

నీలం పొగ: నూనె మండుతోంది. రింగులు లేదా వాల్వు సీళ్లు.

నల్ల పొగ: పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మొదట ఎయిర్ ఫిల్టర్ చూడండి.

తెల్ల పొగ: చలి పొద్దున కాసేపు వచ్చి పోతే ఆవిరే. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్.

ఇవి మాత్రం చేయొద్దు

* ఇంజిన్ బొమ్మ మిణుకుతుంటే ప్రయాణం కొనసాగించొద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది పాడైతే కాయిల్‌కు ఎన్నో రెట్ల ఖర్చు. మేం దోమలపెంట నుంచి చేసిన తప్పు అదే. వెలిగి నిలకడగా ఉంటే నెమ్మదిగా షెడ్డుకు చేరుకోవచ్చు.

* నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్గు వైర్లు, కాయిళ్లు పీకొద్దు. అంబాసిడర్ కాలం నాటి ఆ చిట్కా ఇప్పుడు మనిషికీ ప్రమాదం, కారుకూ నష్టం.

* వేడి మీదున్న రేడియేటర్ మూత విప్పొద్దు. మరుగుతున్న నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

* మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

* లూజు దుస్తులు, వేలాడే చున్నీలతో ఇంజిన్ మీదికి వంగొద్దు. పిల్లలను దూరంగా ఉంచండి.

షెడ్డులో ఏమడగాలి?

ఇంటి పరీక్షలకూ హద్దుంది. వాల్వులు, రింగులు, హెడ్ గ్యాస్కెట్, టైమింగ్... వీటి జోలికి మనం పోకూడదు. అక్కడి నుంచి మెకానిక్ పనే. మన చిన్న పట్టణాల షెడ్లలో పదేళ్ల వయసు నుంచి పానా పట్టి పని నేర్చినవాళ్లున్నారు. చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లున్నారు. వాళ్లను అనుమానించాల్సిన అవసరం లేదు. అయితే వేల రూపాయల మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు మర్యాదగా అడగడంలో తప్పులేదు. ‘ఏ సిలిండర్ అన్నా? కాయిల్, ప్లగ్గు మార్చి చూసినవా? కంప్రెషన్ ఎంతొచ్చింది?’ మంచి మెకానిక్‌కు ఈ ప్రశ్నలంటే కోపం రాదు, ముచ్చటేస్తుంది. మూడు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. కావాలంటే ఇంకోచోట చూపించుకోవచ్చు. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్ కారు కొనబోయేవాళ్లకూ ఇవే పరీక్షలు పనికొస్తాయి. పెయింటు, సీటు కవర్లు చూసి మురిసిపోయే ముందు కంప్రెషన్ అంకెలు అడగండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేసి చూడండి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారేమో ఆలోచించాల్సిందే.

మళ్లీ మొన్న శివరాత్రికి ముందు అదే కారులో శ్రీశైలం వెళ్లొచ్చాం. బయల్దేరే ముందు ఆదివారం ఇంటి ముందు బానెట్ ఎత్తి నూనె, కూలెంట్, ప్లగ్గులు అన్నీ చూసుకున్నా. ఈగలపెంట మలుపులు కారు గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది. అమ్మ మాత్రం అలవాటు కొద్దీ మొక్కుకుంది. ఆ పాత కాయిల్ ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. పిల్లలు దానికి ఓ పేరు కూడా పెట్టారు... ‘ముప్పై అయిదు వేల కాయిల్’ అని!